ఒక పౌను బియ్యం, ఒక అణా

మా ఇంటి నుంచి బడికి వచ్చే దారిలో బకింగ్‌హామ్ కాలువ మీద ఒక వంతెన ఉంది. బస్సు వంతెన ఎక్కగానే అందరూ ముక్కు మూసుకుంటారు. నేనూ మూసుకుంటాను. మా అవ్వ మాత్రం మూసుకోదు. "మనోళ్లు తవ్విన కాలవే పాపా, వాసనొస్తే మాత్రం ఏం పోయింది" అంటుంది. అవ్వ చెప్పే కథ ప్రకారం వాళ్ల తాతకు తాత ధాత కరువులో నెల్లూరు వైపు నుంచి నడిచి వచ్చి, ఈ కాలువ పనిలో మట్టి మోసి, మళ్లీ ఊరికి పోలేదు. అందుకే మేము ఇప్పుడు చెన్నైలో ఉన్నాము, తెలుగు బడిలో చదువుకుంటున్నాము. దీనికి కాగితం ఏమీ లేదు. ఇంట్లో నోటి మాటే ఆధారం.

పోయిన ఏడాది నేను తొమ్మిదో తరగతిలో ఉండగా చరిత్ర సార్ మాకందరికీ ఒక పని ఇచ్చారు. "మీ ఇంటి దగ్గర ఉన్న పాత కట్టడం ఒకటి తీసుకోండి. అది ఎవరు కట్టారు, ఎందుకు కట్టారు, కట్టినవాళ్లు ఏం తిన్నారు, ఈ మూడూ తెలుసుకుని రండి" అన్నారు. మూడో ప్రశ్నకు అందరూ నవ్వారు. నేను కాలువను తీసుకున్నాను. మొదటి రెండు ప్రశ్నలకు జవాబు రెండు రోజుల్లో దొరికింది. మూడోది నన్ను మూడు నెలలు పట్టుకుంది. ఈ వ్యాసం ఆ మూడో ప్రశ్న గురించే.

కాలువ ఎప్పటిది?

కాలువలో కొంత భాగం చాలా పాతది. 1806లో బాసిల్ కోక్రేన్ అనే తెల్లదొర మద్రాసు నుంచి ఎన్నూరు వైపు ఉప్పునీటి కాలువ తవ్వించాడు. తర్వాత దాన్ని ఉత్తరాన తెలుగు జిల్లాల దాకా పొడిగించుకుంటూ పోయారు. మద్రాసు ఊళ్లో కూవం నదికీ అడయారు నదికీ మధ్య సుమారు 8 కిలోమీటర్ల ముక్క మాత్రం 1877-78లో తవ్వారు. తవ్వినవాళ్లు కరువు కూలీలు. అప్పటి మద్రాసు గవర్నరు బకింగ్‌హామ్ డ్యూకు కాబట్టి కాలువకు ఆయన పేరు పెట్టారు. తవ్వినవాళ్ల పేర్లు ఎక్కడా లేవు.

ఆ కరువు 1876లో వానలు పోవడంతో మొదలైంది. మన పంచాంగం ప్రకారం అది ధాత నామ సంవత్సరం. అందుకే తెలుగువాళ్లు ధాత కరువు అన్నారు. మా తమిళం టీచర్‌ను అడిగితే "మా ఊళ్లో కూడా తాదు వరుష పంజం అంటారు" అని చెప్పారు. పేరు ఒకటే, భాష వేరు. బళ్లారి, కర్నూలు, కడప, నెల్లూరు, సేలం, కోయంబత్తూరు, మైసూరు రాజ్యం, నైజాం సీమ, బొంబాయి దక్కను అంతా ఎండిపోయాయి. సుమారు 5 కోట్ల 85 లక్షల మంది దాని కిందికి వచ్చారు. ఇంగ్లీషువాళ్లు నేరుగా ఏలిన జిల్లాల్లోనే దాదాపు 55 లక్షల మంది చనిపోయారని ఒక అంచనా. ఇంకా ఎక్కువ చెప్పే అంచనాలూ ఉన్నాయి. అప్పుడు తీసిన ఫోటోలు కొన్ని మిగిలాయి. హూపర్ అనే సైనికాధికారి తీసినవి. అందులో మనుషులు వరసగా కూర్చుని ఉంటారు. పక్కటెముకలు లెక్కపెట్టవచ్చు. నేను వాటిని ఒకసారి చూసి పుస్తకం మూసేశాను. ఆ రాత్రి అవ్వ పక్కన పడుకున్నాను.

టెంపుల్ దొర లెక్క

కరువులో ప్రభుత్వం పనులు పెట్టింది. రోడ్లు, చెరువు కట్టలు, కాలువలు. పని చేసినవాడికి కూలి. ఆ కూలి ఎంత ఉండాలన్నదే పెద్ద గొడవ అయింది.

1877 జనవరి 1న ఢిల్లీలో వైస్రాయి లిట్టన్ పెద్ద దర్బారు చేసి, విక్టోరియా రాణిని ఇండియాకు చక్రవర్తిని అని ప్రకటించాడు. అదే నెలలో ఆయన పంపగా సర్ రిచర్డ్ టెంపుల్ మద్రాసు రాజధానికి వచ్చాడు. ఖర్చు తగ్గించడం ఆయన పని. వచ్చి జిల్లాలు తిరిగి, కూలి తగ్గించాడు. పెద్ద మగవాడికి రోజుకు ఒక పౌను ధాన్యానికి సరిపడే డబ్బు, దాని మీద ఒక అణా. ఆడవాళ్లకు, పిల్లలకు ఇంకా తక్కువ. పౌను అంటే సుమారు 454 గ్రాములు. ఈ కూలికి టెంపుల్ కూలి అని పేరు వచ్చింది. ఒక పౌను చాలదని ముందే ఎలా చెప్తారు, పెట్టి చూద్దాం అన్నది ఆయన వాదన.

టెంపుల్ గురించి ఇంకో సంగతి కూడా చెప్పాలి. లేకపోతే న్యాయం కాదు. అంతకు మూడేళ్ల ముందు, 1873-74లో బీహారులో కరువు వచ్చినప్పుడు ఈయనే బర్మా నుంచి ఓడల్లో బియ్యం తెప్పించి జనానికి పెట్టాడు. అప్పుడు ఆకలి చావులు చాలా తక్కువ. కానీ దానికి ఆయనకు మెప్పు రాలేదు. డబ్బు దుబారా చేశాడని పైవాళ్లు, పత్రికలవాళ్లు తిట్టిపోశారు. మద్రాసుకు వచ్చినప్పుడు ఆ తిట్లు ఆయన చెవిలో ఉండే ఉంటాయి. ఎలా చేస్తే మనుషులు బతుకుతారో ఆయనకు తెలుసు. తెలిసి కూడా పౌను అన్నాడు. నాకు అన్నిటికంటే ఇదే కష్టంగా అనిపించింది.

కార్నిష్ డాక్టరు లెక్క

టెంపుల్‌కు ఎదురు చెప్పినవాడు విలియం రాబర్ట్ కార్నిష్. ఈయన మద్రాసు రాజధానికి శానిటరీ కమిషనర్, అంటే ప్రజల ఆరోగ్యం చూసే పెద్ద డాక్టరు. 1871 జనాభా లెక్కల మీద మద్రాసు రిపోర్టు రాసిందీ ఈయనే. దక్షిణాది జనం ఏం తింటారు, జైళ్లలో ఖైదీలకు ఎంత పెట్టాలి అని 1860లలోనే పరిశీలించి రాశాడు. కాబట్టి తిండి లెక్క ఆయనకు కొత్త కాదు.

ఆయన చెప్పింది ఇది: కష్టం చేసే మనిషికి రోజుకు కనీసం ఒకటిన్నర పౌను ధాన్యం ఉండాలి, అంటే 680 గ్రాములు. దానితోపాటు పప్పు ఉండాలి, కూరగాయలు ఉండాలి. ఒట్టి బియ్యం కడుపు నింపుతుంది కానీ కండను నిలపదు. అప్పటికి క్యాలరీల లెక్క వాడుకలోకి రాలేదు. డాక్టర్లు తిండిలో నత్రజని ఎంత, కార్బను ఎంత అని కొలిచేవాళ్లు. మనం ఇప్పుడు ప్రోటీన్ అనేదాన్ని వాళ్లు నత్రజని పేరుతో లెక్కపెట్టారు. బియ్యంలో అది తక్కువ. ఇంకొక మాట, తక్కువ తిండి తినే మనిషి ఒక్క రోజులో పడిపోడు. నెమ్మదిగా కరుగుతాడు. ఒక హద్దు దాటి కరిగిపోయాక మంచి తిండి పెట్టినా అతని పేగులు దాన్ని తీసుకోవు. కాబట్టి పెట్టి చూద్దాం అంటే, చూసేసరికి ఆలస్యం అయిపోతుంది.

వైస్రాయి టెంపుల్ పక్షాన నిలిచాడు. కానీ 1877 మార్చిలో మద్రాసు ప్రభుత్వం కొంచెం దిగివచ్చింది. పౌనుంపావు ధాన్యం, ఒకటిన్నర ఔన్సుల పప్పు అని మార్చింది. టెంపుల్‌కూ కార్నిష్‌కూ నడిమధ్య అన్నమాట. ఆలోపు రెండు నెలలు గడిచిపోయాయి.

నేను టెంపుల్ పక్షం మాట్లాడాను

ఇంతవరకు నేను చదివి చెప్పగానే సార్ క్లాసును రెండుగా చేశారు. ఒక వరస టెంపుల్ పక్షం, ఒక వరస కార్నిష్ పక్షం. చీటీ తీస్తే నాకు టెంపుల్ వచ్చింది.

నేను ముందురోజు సాయంత్రం అవ్వ దగ్గర ఆళాకు తీసుకుని వీధి చివర అంగడికి పోయాను. మా ఇంట్లో బియ్యానికి ఇప్పటికీ ఆళాకు లెక్కే. ఇత్తడిది, అంచు ఒకచోట నొక్కుకుపోయింది. ఎనిమిది ఆళాకులు ఒక పడి. అంగడి అన్నను బతిమాలి అందులో బియ్యం నిండా పోసి తూకం వేయించాను. 180 గ్రాములు వచ్చింది. అంటే టెంపుల్ దొర పౌను మా ఇంటి కొలతలో రెండున్నర ఆళాకులు.

మరునాడు క్లాసులో లేచి గట్టిగా చెప్పాను. "మా ఇంట్లో నలుగురం. నలుగురికీ కలిపి రోజుకు మూడు ఆళాకుల బియ్యం వండుతారు. టెంపుల్ ఒక్క మనిషికే రెండున్నర ఆళాకులు ఇచ్చాడు. అది తక్కువ ఎట్లా అవుతుంది?" అన్నాను. అవతలి వరస నోరు మెదపలేదు. మావాళ్లు బల్లలు కొట్టారు. నేను గెలిచాను.

సార్ నవ్వి, "బాగా చెప్పినావమ్మా. కూర్చో. ఇప్పుడు రెండే రెండు అడుగుతాను" అన్నారు. "నిన్న మీ ఇంట్లో అన్నంలోకి ఏమేం చేశారు?"

నేను చెప్పాను. పొద్దున ఇడ్లీ, చట్నీ. మధ్యాహ్నం సాంబారు, బీరకాయ కూర, పెరుగు. సాయంత్రం పాలు, వేరుశెనక్కాయలు. రాత్రి దోసె.

"నిన్న మీ నాయన ఎన్ని గంటలు మట్టి తవ్వినాడు?"

మా నాయన బట్టల షాపులో లెక్కలు రాస్తాడు. నేను ఏమీ చెప్పలేదు.

ఇంటికి వచ్చి లెక్క వేశాను. 100 గ్రాముల బియ్యంలో సుమారు 350 క్యాలరీలు. ఒక పౌనులో సుమారు 1600. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం 65 కిలోల మగవాడు కూర్చుని పనిచేస్తే రోజుకు 2110 క్యాలరీలు కావాలి. ఒక మాదిరి పనికి 2710. గడ్డపార, పార పట్టుకుని చేసే పనికి 3470. కరువు కూలీలు 65 కిలోలు ఉండరు, అప్పటికే ఎండిపోయి ఉంటారు, కాబట్టి కొంచెం తగ్గించి వేసుకుందాం. ఎంత తగ్గించినా 1600 దగ్గరికి రాదు. మిగతాది ఆ ఒక్క అణాతో కొనుక్కోవాలి. ఉప్పు, మిరపకాయ, పప్పు, కట్టెలు, ఇంట్లో పని చేయలేని ముసలివాళ్ల తిండి, చంటిపిల్లల తిండి, అన్నీ అందులోనే. కరువు ధరల్లో!

మా ఇంట్లో మూడు ఆళాకులు సరిపోవడానికి కారణం బియ్యం కాదు, బియ్యం పక్కన ఉన్నవి. నేను క్లాసులో గెలిచిన వాదన తప్పు. టెంపుల్ పౌను గిన్నెలో ఎక్కువగా కనిపిస్తుంది. ఒంట్లోకి పోయాక తక్కువ.

మినెసోటాలో 36 మంది

1877లో ఒక పౌను సరిపోతుందో లేదో ఇద్దరు పెద్దమనుషులు వాదించుకున్నారు. దాన్ని కొలిచి చూసినవాళ్లు మాత్రం చాలా కాలానికి, చాలా దూరంలో వచ్చారు. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో, 1944-45లో, అమెరికాలోని మినెసోటా విశ్వవిద్యాలయంలో యాన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త ఒక పరీక్ష చేశాడు. యుద్ధంలో ఆకలితో ఉన్న దేశాల జనానికి మళ్లీ తిండి ఎలా అలవాటు చేయాలో తెలుసుకోవడం కోసం. యుద్ధం చేయము అని చెప్పిన యువకులు 36 మంది తమంతట తాము ఒప్పుకుని చేరారు. ఆరు నెలల పాటు వాళ్లకు రోజుకు సగటున 1570 క్యాలరీల తిండి పెట్టారు. వారానికి 35 కిలోమీటర్లు నడిపించారు.

1570! ఆ అంకె చూసి నేను నోటుబుక్కు వెనక్కి తిప్పి నా లెక్క మళ్లీ చూసుకున్నాను. టెంపుల్ పౌను బియ్యం 1600. దాదాపు అదే.

ఆరు నెలల్లో ఆ యువకుల బరువు సుమారు నాలుగో వంతు తగ్గింది. వాళ్లు మంచి ఆరోగ్యంతో మొదలుపెట్టినవాళ్లు. మంచం ఉంది, డాక్టరు ఉన్నాడు, నడవడమే పని. మట్టి మోయలేదు. కార్నిష్ చెప్పింది నిజమేనని దాదాపు 68 ఏళ్ల తర్వాత తేలింది.

ఆ పరీక్షలో బరువు ఒక్కటే కాదు, మనిషి మనసు కూడా రాసిపెట్టారు. వాళ్లకు ఎప్పుడూ చలి వేసేది. చిన్నదానికి కోపం వచ్చేది. చదువు మీద ధ్యాస నిలిచేది కాదు. పొద్దస్తమానం తిండి ఆలోచనే. కొందరు వంటల పుస్తకాలు ముందేసుకుని నవల చదివినట్టు చదివేవాళ్లు.

ఇది చదివి నేను చాలాసేపు ఊరికే కూర్చున్నాను. ఎందుకో ఇప్పుడు చెప్పాలి.

నా లెక్క

ఆ ఏడు జూన్‌లో కొత్త యూనిఫాం కుట్టించడానికి పోతే, టైలరు టేపు పట్టుకుని "పాప ఒళ్లు చేసింది" అని అమ్మతో అన్నాడు. అంతే. ఆయన తప్పుగా అనలేదు, కొలత ప్రకారం అన్నాడు. కానీ ఆ మాట నాకు పట్టుకుంది. పెదనాన్న కూతురి పెళ్లి ఫోటోల్లో నేను ఎలా ఉన్నానో పదిసార్లు చూసుకున్నాను. రాత్రి తినకపోతే సన్నబడతారని ఎవరో చెప్పారు. రాత్రి తినడం మానేశాను. తర్వాత పొద్దున ఒక ఇడ్లీతో సరిపెట్టాను. మధ్యాహ్నం బళ్లో పెట్టే అన్నం సగం నా పక్కన కూర్చునేదానికి ఇచ్చేదాన్ని. అమ్మకు "బళ్లో తినేశాను" అని, బళ్లో "ఇంట్లో తినొచ్చాను" అని చెప్పేదాన్ని. రెండు చోట్లా నమ్మారు.

నవంబరు వచ్చేసరికి మధ్యాహ్నం ఎండలో కూడా నాకు చేతులు చల్లగా ఉండేవి. తల దువ్వితే వెంట్రుకలు చేతినిండా వచ్చేవి. లెక్కల క్లాసులో బోర్డు కనిపించేది, లెక్క కనిపించేది కాదు. తమ్ముడి మీద అరిచేదాన్ని. ఇంకొకటి ఎవరికీ చెప్పలేదు. నా తెలుగు నోటుబుక్కు చివరి పేజీల్లో నేను వంటల పేర్లు రాసుకునేదాన్ని. గోంగూర పచ్చడి, పెసరట్టు, చేపల పులుసు, బొబ్బట్లు. ఎందుకు రాస్తున్నానో నాకే తెలియదు. వరసగా నాలుగు పేజీలు నిండాయి.

మినెసోటా సంగతి చదివాక ఆ పేజీలు తీసి చూశాను. అప్పుడు నా తిండి కూడా లెక్క వేశాను. ఎంత దయతో లెక్కపెట్టినా వెయ్యి దాటలేదు. 13 నుంచి 15 ఏళ్ల ఆడపిల్లకు 2020 లెక్క ప్రకారం రోజుకు 2400 క్యాలరీలు కావాలి. ఒక ఇంట్లో కూర్చుని పనిచేసే పెద్దావిడకు 1660 చాలు. నాకు మా అమ్మ కంటే ఎక్కువ కావాలన్నమాట, ఎందుకంటే నా ఎముకలు ఇంకా పెరుగుతున్నాయి. ఇది నాకు అసలు తెలియదు.

టెంపుల్ దొర కరువు కూలీకి పౌను ఇచ్చాడు. నేను నాకు అది కూడా ఇవ్వలేదు. పెట్టి చూద్దాం, ఏమీ కాలేదు కదా అని నేను కూడా అనుకున్నాను. వాళ్లకు తిండి లేక, నాకు తిండి ఉండి. ఈ తేడా తలుచుకుంటే సిగ్గేసింది.

ఆ రాత్రి అవ్వకు చెప్పాను. అవ్వ తిట్టలేదు. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "కడుపు మాడ్చుకునేది మన ఇంట్లో ఎవురూ సరదాకి చేయలేదే పాపా. విధి లేక చేసినారు" అన్నది. లేచి పోయి పెరుగన్నం కలిపి తెచ్చింది. నేను తిన్నాను. మరునాడు అమ్మ డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయింది. రక్తం తక్కువ ఉందని మాత్రలు రాసి, డాక్టరమ్మ నా ఎత్తు, బరువు చూసి చార్టులో చుక్క పెట్టి చూపించింది. పిల్లలకు పెద్దవాళ్ల లెక్క కుదరదట, వయసు ప్రకారం చూడాలట. జూన్‌లో నా బరువు కూడా ఆ చార్టులో సరైన గీతల మధ్యనే ఉండేది. టైలరు చెప్పింది నిజమే, నేను పెరిగాను. పెరిగే వయసులో పెరిగాను.

ఎంత అని ఎవరు చెప్పారు?

ఇప్పుడు మిగతా చరిత్ర కూడా చెప్పి ముగిస్తాను. ఎందుకంటే ఇందులో మంచి జరిగిన భాగం ఉంది.

కరువు తర్వాత ప్రభుత్వం ఒక కమిషన్ వేసింది. 1880లో అది ఇచ్చిన రిపోర్టులో కష్టం చేసే మగవాడి తిండి ఒకటిన్నర పౌను దగ్గరికే వచ్చింది. అంటే కార్నిష్ అంకె. దాని మీదే తర్వాత కరువు కోడ్‌లు రాశారు.

1918లో నీలగిరి కొండల్లో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ అనే డాక్టరు తిండి మీద పరిశోధన మొదలుపెట్టాడు. ఆయన ఎలుకలకు ఇండియాలోని రకరకాల ప్రాంతాల తిండి పెట్టి పెంచాడు. గోధుమ రొట్టె, పాలు, పప్పు, కూరగాయలు ఉన్న పంజాబు సిక్కుల తిండి తిన్న ఎలుకలు బాగా బరువుగా, గట్టిగా ఉన్నాయి. తెల్ల బియ్యమే ఎక్కువగా, మిగతావన్నీ తక్కువగా ఉన్న మద్రాసు తిండి తిన్నవి అందరికంటే వెనకబడ్డాయి. ఎంత తిన్నామో కాదు, ఏం తిన్నామో కూడా చూడాలని అక్కడ తేలింది. 1935లో ఆయన తర్వాత వచ్చిన అయిక్రాయిడ్ మన దేశపు తిండి పదార్థాల్లో ఏది ఎంత ఉందో కొలిపించి 1937లో పుస్తకంగా వేశాడు. 1943 బెంగాల్ కరువు మీద వేసిన కమిషన్‌లో కూడా ఆయన ఉన్నాడు. ఆ కూనూరు సంస్థే తర్వాత హైదరాబాదుకు పోయి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. నేను పైన వాడిన అంకెలు దానివే. ఆ సంస్థ ఇప్పుడు చెప్పే పళ్లెం 2000 క్యాలరీలది. అందులో బియ్యం, గోధుమ, చిరుధాన్యాలు కలిపి 250 గ్రాములు. పప్పులో, గుడ్డో, మాంసమో 85 గ్రాములు. కూరగాయలు 400, పండ్లు 100 గ్రాములు. పాలు, పెరుగు 300 మిల్లీలీటర్లు. ఇంకా కొన్ని గింజలు, కొంచెం నూనె. టెంపుల్ పౌనుతో పోలిస్తే ధాన్యం దాదాపు సగం, మిగతావన్నీ చుట్టూ చేరాయి.

ఇంకొక మంచి మాట మన చెన్నైదే. 1920లో మద్రాసు కార్పొరేషన్ అధ్యక్షుడు పిట్టి త్యాగరాయ చెట్టి గారు. తెలుగువారు. ఆయన హయాంలో థౌజండ్ లైట్స్ కార్పొరేషన్ బడిలో పిల్లలకు మధ్యాహ్న భోజనం మొదలుపెట్టారు. ఖర్చు పిల్లకు రోజుకు ఒక అణా దాటకూడదని నియమం. మళ్లీ ఆ ఒక్క అణానే! టెంపుల్ లెక్కలో మిగిలినదంతా ఒక అణాతో సర్దుకోమన్నారు, ఇక్కడ అణాతో ఒక పిల్లకు అన్నం పెట్టారు. డబ్బుల అభ్యంతరం వచ్చి 1925లో అది ఆగింది, మళ్లీ కొంత సాగింది. 1956లో కామరాజ్ గారు రాష్ట్రమంతా బళ్లలో భోజనం పెట్టించారు. 1982లో ఎంజీఆర్ గారు దాన్ని పోషకాహార పథకంగా పెంచారు. ఇప్పుడు దేశం మొత్తానికి ఉన్న నియమం ప్రకారం బడి భోజనంలో చిన్న తరగతుల పిల్లకు 100 గ్రాముల ధాన్యం, 450 క్యాలరీలు, 12 గ్రాముల ప్రోటీన్ ఉండాలి. ఆరు నుంచి ఎనిమిది దాకా 150 గ్రాములు, 700 క్యాలరీలు, 20 గ్రాముల ప్రోటీన్. గమనించండి, ఇందులో ప్రోటీన్ వేరేగా రాశారు. కార్నిష్ నత్రజని, నత్రజని అని మొత్తుకున్నది ఇదే.

నేను పక్కనున్నదానికి సగం ఇచ్చేసిన అన్నం వెనక ఇంత కథ ఉంది.

చివరి మాట

రోజుకు ఎంత తినాలి అని ఎవరైనా అడిగితే నేను ఇప్పుడు ఒక్క అంకె చెప్పను. వయసు ఎంత, ఏం పని చేస్తారు, పళ్లెంలో ఇంకేం ఉంది అని అడుగుతాను. ఒక్క అంకె చెప్పి అందరికీ అదే అన్నప్పుడు ఏం జరిగిందో చదివాను కదా. అలాగే, తగ్గాలన్నా పెరగాలన్నా ఒంటరిగా, దొంగచాటుగా చేయకూడదు. ఇంట్లోవాళ్లకూ డాక్టరుకూ తెలిసి చేయాలి. ఈ రెండో మాట నేను పుస్తకంలో చదివింది కాదు.

సార్ నా వ్యాసం చూసి, "కాలువ మీద రాయమంటే అన్నం మీద రాసినావే" అన్నారు. మార్కులు మాత్రం వేశారు. మధ్యాహ్నం అన్నం ఇప్పుడు నాది నేనే తింటాను. నా పక్కనున్నదానికి ఆ రోజుల్లో నిజంగానే ఇంకొంచెం కావాల్సి ఉండేదట, అడగడానికి మొహమాటపడి నేను ఇచ్చినప్పుడు తీసుకునేది. ఇప్పుడు తనే లేచి రెండోసారి పెట్టించుకుంటుంది. నేను కూడా తోడు పోతాను.

మీ ఇంట్లో కూడా ఆళాకో, సోలో, తవ్వో, ఏదో ఒక పాత కొలత గిన్నె అటక మీద ఉండే ఉంటుంది. దించండి. నిండా బియ్యం పోసి తూకం వేయించండి. మీ అవ్వను, జేజిని, నాయనమ్మను అడగండి, వాళ్ల చిన్నప్పుడు ఇంట్లో ఎందరికి ఎన్ని కొలతలు పోసేవాళ్లని. వాళ్లు చెప్పేది రాసి పెట్టుకోండి. కాలువ తవ్వినవాళ్ల పేర్లు ఎవరూ రాయలేదు. వాళ్లు ఏం తిన్నారో మాత్రం లెక్క ఉంది.

— పదో తరగతి విద్యార్థిని, చెన్నై